సందేహాలు – సమాధానాలు: ‘అత్తమ్మ పోయింది’ అంటే అమర్యాదా?

సందేహం: మా నాయనకు పెద్దక్క, మమ్మల్నందర్నీ పెంచిన మా అత్తమ్మ విశ్వావసు కార్తీకంలో పోయింది. ప్రజోత్పత్తి శ్రావణంలో పుట్టానని తనే చెప్పేది. నారాయణగూడ బాలికల బడిలో చదువుకున్నది. సంవత్సరీకం నాటికి ఆమె గురించి ఇంట్లోవాళ్ళ కోసం చిన్న పుస్తకం వేస్తున్నాం. నేను ‘అత్తమ్మ చెప్పింది’, ‘అత్తమ్మ పోయింది’ అని రాస్తే, మా తమ్ముడు ‘అత్తగారు సెలవిచ్చారు’, ‘పరమపదించారు’ అని మార్చాడు. ‘పోయింది’ పశువులకు వాడే క్రియ, పెద్దలకు వాడితే అమర్యాద అంటాడు. ఆమె మాటల్లోని ‘దవాఖాన’ను కూడా ‘ఆసుపత్రి’ అని దిద్దాడు. ఏది ఒప్పు? ‘94వ ఏట’ అని రాయడం సరేనా? ‘వర్ధంతి’ అనవచ్చా?
– ఒక మేనకోడలు, చిక్కడపల్లి, హైదరాబాదు

సమాధానం: మీ తమ్ముడు దిద్దింది ప్రేమతోనే. పెద్దామె గురించి అచ్చులో వస్తున్నప్పుడు ఎవరూ తక్కువగా అనుకోకూడదని ఆయన తపన. కాని ఆయన చెప్పిన వ్యాకరణం సగమే నిజం.

తెలుగులో ఒక్క స్త్రీ గురించి చెప్పినా, ఒక్క జంతువు గురించి చెప్పినా, ఒక్క వస్తువు గురించి చెప్పినా క్రియ ఒకటే: అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం విడిపోతాయి: అమ్మలు వచ్చారు, ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివినవాళ్ళకు మహత్తు (మగవాళ్ళను చెప్పే మాటలు), అమహత్తు (స్త్రీలను, జంతువులను, వస్తువులను చెప్పే మాటలు) అన్న విభాగం గుర్తుండే ఉంటుంది. తమిళంలో, కన్నడంలో స్త్రీకి ఏకవచనంలోనే వేరే క్రియారూపం ఉంది, మనకు లేదు. కాబట్టి ‘-ఇంది’ పశువుల కోసం పుట్టిన ప్రత్యయం కాదు. దాన్ని పెద్దలకు వాడితే వాళ్ళను కిందికి దించినట్టూ కాదు.

మర్యాద సంగతి వేరు. ‘వచ్చారు’, ‘అన్నారు’ అనే గౌరవ బహువచనం సభలో, కొత్తవాళ్ళ ముందు, కొంత ఎడం పాటించవలసిన చోట అవసరం. చనువున్న చోట తెలుగువాళ్ళు ఏకవచనాన్నే ప్రేమగా వాడుకున్నారు. గోల్కొండ చెరలో ఉన్న రామదాసు తన రాముణ్ణి ‘నీవు’ అనే పిలిచాడు, నిలదీశాడు, బతిమాలాడు. ఆ కీర్తనల్లో భక్తికి లోటుందని ఎవరైనా అనగలరా? మీరు బతుకంతా ‘నువ్వు’ అని పిలిచిన మనిషిని పోయాక ‘వారు’ అంటే, చదివే మీ ఇంటివాళ్ళకు ఆమె ఎవరో పరాయి పెద్దమనిషిలా కనిపిస్తుంది. నా మట్టుకు నాకు మీ ‘అత్తమ్మ చెప్పింది’ అన్న వాక్యమే నచ్చింది.

అయితే తమ్ముడి అభ్యంతరంలో కొట్టిపారేయలేని సంగతి ఒకటుంది. మన ఇళ్ళల్లో తండ్రికి ‘అన్నారు’, తల్లికి ‘అన్నది’ అనే అలవాటు ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. అక్కడ చనువుతోపాటు ఆడవాళ్ళకు మర్యాద తగ్గించే పాత ధోరణీ ఉంది. అందుకని మీ రాతప్రతిలో మీ నాయన గురించి ఏం రాశారో ఒకసారి చూసుకోండి. ‘నాయన అన్నాడు’ అని ఉంటే ‘అత్తమ్మ అన్నది’ నిక్షేపంగా ఉంటుంది. ‘నాయనగారు అన్నారు’ అని ఉండి అత్తమ్మ దగ్గరికి వచ్చేసరికి ‘అన్నది’ అయితే, అప్పుడు తమ్ముడి మాటే న్యాయం. ఆమె మీ నాయనకు పెద్దక్క కూడాను! ఇద్దరికీ ఒకే తీరు పాటించండి. ఒక పేజీలో ‘అన్నది’, మరో పేజీలో ‘అన్నారు’ అయితే మాత్రం బాగుండదు. సంవత్సరీకం ఆహ్వానపత్రం బయటివాళ్ళకు కూడా వెళ్తుంది కనుక అందులో ‘గారు’, ‘కాలం చేశారు’ అని రాయండి. పుస్తకం మీ ఇంటిది.

ఇక ‘అత్తగారు’. ఇది తప్పకుండా మార్చాలి. ‘మా అత్తగారు’ అని కనిపించగానే ఎవరైనా భర్త తల్లో, భార్య తల్లో అనుకుంటారు. ‘అత్తమ్మ’తోనూ ఆ చిక్కు కొంత ఉంది. తెలంగాణలో మేనత్తనూ అలాగే పిలుస్తారు, అత్తగారినీ అలాగే పిలుస్తారు. మేనరికాలున్న కుటుంబాల్లో ఆ ఇద్దరూ ఒక్కరే కావచ్చు కూడా. మీరు నాకు రాసిన ‘మా నాయనకు పెద్దక్క’ అన్న మాటనే పుస్తకంలో మొదటి వాక్యంగా పెట్టండి. ఆ తరవాత ఎన్నిసార్లు ‘అత్తమ్మ’ అన్నా ఎవరూ పొరబడరు.

‘సెలవిచ్చారు’ రాజాస్థానాల్లోని మాట, అక్కర్లేదు. ‘పరమపదించారు’ వైష్ణవుల ఇళ్ళలో వాడుక. శైవులు ‘శివైక్యం’ అంటారు, క్రైస్తవులు ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు, ఈ ఊళ్ళో ముస్లిములు ‘ఇంతెకాల్’ అంటారు. ఒక్కో మాట వెనక ఒక్కో విశ్వాసం ఉంది. మీ అత్తమ్మ విశ్వాసం ఏదో దానికి తగిన మాట ఉంచండి. ఏదీ వద్దనుకుంటే ‘పోయింది’ చాలు. తమ్ముడు మర్యాదైన మాట అనుకునే ‘చనిపోయారు’లోనూ ఉన్నది అదే. ‘చను’ అన్నా వెళ్ళడమే, ‘పోవు’ అన్నా వెళ్ళడమే.

‘దవాఖాన’ను దిద్దడం మాత్రం నాకు బాధ కలిగించింది. ‘ఆసుపత్రి’ అచ్చ తెలుగేం కాదు, అదీ ‘హాస్పిటల్’ మన నోట్లో పడి మారిన రూపమే. ఉర్దూ నుంచి వచ్చిన మాట తీసి ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట పెడితే భాషకు ఒరిగింది లేదు, అత్తమ్మ గొంతు మాత్రం పోయింది. నిజాం రాజ్యంలో పైచదువులు ఎక్కువగా ఉర్దూలో సాగే రోజుల్లో, ఆడపిల్లలు తెలుగులో చదువుకోవాలని మాడపాటి హనుమంతరావుగారి పూనికతో నారాయణగూడలో 1928లో మొదలైన బడి మీరు చెప్పినదే అయివుంటుంది. పలక మీద తెలుగు అక్షరాలు, వీధిలో ఉర్దూ మాటలు. ఆ తరం హైదరాబాదు ఆడపిల్లల నోట రెండూ కలిసే ఉండేవి. ‘నాకేం గాలే బిడ్డా, దవాఖాన వద్దు, మీరు పరేషాన్ గాకుండ్రి’ అని ఆమె అని ఉంటే అక్షరం మార్చకుండా అలాగే వేయండి. పైగా ఇప్పుడు ఊరంతా ‘బస్తీ దవాఖానా’ బోర్డులున్నాయి. మీ పిల్లలకు అర్థం కాదన్న భయం అక్కర్లేదు.

వయసు లెక్క చూద్దాం. అరవై సంవత్సరాల వరసలో ప్రజోత్పత్తి అయిదోది, విశ్వావసు 39వది. మధ్య తేడా 34, ఒక చుట్టు పూర్తయింది కనుక దానికి 60 కలపాలి. శ్రావణానికి 94 నిండాయి, పోయింది కార్తీకంలో. కాబట్టి ‘94 ఏళ్ళ వయసులో’ అనాలి, లేదా ‘95వ ఏట’ అనాలి. ‘94వ ఏట’ అంటే 93 నిండి 94 నడుస్తున్నట్టు. పత్రికల్లో కూడా రోజూ కనిపించే పొరపాటు ఇది. ప్రజోత్పత్తి పక్కన 1931 అని కూడా వేయండి, ఎందుకంటే 1991 కూడా ప్రజోత్పత్తే. ఏళ్ళు స్పష్టంగా ఉంటే మరో సంగతి కూడా తెలుస్తుంది. ఆమె ఈ ఊళ్ళోనే ఉండి నిజాం రాజ్యంలో పుట్టింది, 1948లో భారతదేశంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014లో తెలంగాణలోకి వచ్చింది. దీని మీద ఆమె ఏమనేదో మీకు గుర్తుంటే తప్పక రాయండి.

‘వర్ధంతి’ అనవచ్చు. ఆ మాటకు మూలం పెరుగుదలను చెప్పే ధాతువు. కన్నడంలో దాన్ని పుట్టినరోజుకు వాడతారు, మైసూరు చాముండేశ్వరి వర్ధంతి అంటే అమ్మవారి జన్మదినోత్సవమే. తెలుగులో అది పోయిన రోజుకు స్థిరపడి చాలాకాలమైంది, దాన్ని తప్పనలేం. ఇంట్లో జరిగే కార్యానికి మీరన్న ‘సంవత్సరీకం’, నలుగురూ కూర్చుని ఆమె గురించి మాట్లాడుకునేదానికి ‘సంస్మరణ’ సరిపోతాయి. అట్ట మీద మీ పేర్ల కింద ‘మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు’ అని వేయించండి.