హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీలో పై స్థాయికి, ఆ తర్వాత బోర్డు డైరెక్టరుగా ఎలా వెళ్లాలి?

అమ్మా, నీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. తిరుపతిలో ఎంబీఏ అయిపోతోంది, ఆరోగ్య బీమాలో పై స్థాయికి, వీలైతే బోర్డు దాకా వెళ్లాలని ఉంది, దారేది అన్నది మొదటిది. ఇన్సూరెన్సంటే ఏజెంటు పనే కదా అని మీ నాన్న నవ్వుతున్నారన్నది రెండోది. తెలుగు మీడియం చదువుతో ఆ గదిలో కూర్చోగలనా అన్నది మూడోది. నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమనుకోకు.

నాది పుత్తూరు. 1988లో ఒక ప్రభుత్వ రంగ బీమా కంపెనీలో ఏఏఓగా చేరాను. ఏఏఓ అంటే అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు. చిత్తూరులో పోస్టింగు. ఆసుపత్రి ఖర్చులిచ్చే మెడిక్లెయిం అన్న పాలసీ పుట్టి అప్పటికి రెండేళ్లు, మా ఆఫీసులో దాన్ని పట్టించుకునేవాళ్లే లేరు. నాకిచ్చిన పని ఆవులు. పలమనేరు, పుంగనూరు వైపు రైతులు అప్పు తెచ్చి జెర్సీ ఆవులు కొనేవాళ్లు, బ్యాంకు బీమా చేయించేది. ఆవు చచ్చిపోతే రైతు బీమా నంబరున్న ట్యాగుతో సహా చెవి కోసి తేవాలి. ట్యాగు లేకపోతే క్లెయిం లేదు, అదే రూలు. న్యూస్‌పేపర్లో చుట్టిన ఎండు చెవులు నా టేబుల్ మీద పెట్టి, నేను నంబరు చూసేదాకా నిలబడేవాళ్లు. ఒక్క అంకె అరిగిపోయినా గొడవే. క్లెయిం అంటే ఏంటో నాకు ఆ టేబుల్ దగ్గరే తెలిసింది. ఇప్పటికీ ఎవరైనా పిల్లలు సేల్స్‌లో చేరాలా, క్లెయిమ్స్‌లో చేరాలా అని అడిగితే క్లెయిమ్స్ అనే చెబుతాను. సేల్స్‌లో జీతం త్వరగా పెరుగుతుంది, నిజమే. కానీ అమ్మిన కాగితం అవతలివాడికి ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ చెల్లలేదు అన్నది క్లెయిమ్స్‌లోనే కనబడుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. 1996లో ఒక బెల్లం మండీ వ్యాపారి మెడిక్లెయిం ఫైలు వచ్చింది. కాలి పుండుకు ఆపరేషను, ముప్పై ఎనిమిది వేల బిల్లు. బీమా కంపెనీల తరఫున క్లెయిములు చూసే మధ్య సంస్థలు, అంటే టీపీఏలు, ఇంకా లేవు, వాటికి నియమాలు వచ్చింది 2001లో. ఒరిజినల్ బిల్లులన్నీ మేమే చూసి తేల్చాలి. డిశ్చార్జి సమ్మరీలో పదేళ్లుగా షుగరు ఉందని రాశారు. ఆయన పాలసీ తీసుకుని మూడేళ్లే. అప్పటి రూల్సులో పాలసీకి ముందున్న జబ్బుకు పైసా రాదు. తిరస్కరిస్తూ లెటరు కొట్టించి సంతకం పెట్టేశాను, పది నిమిషాల పని. రెండు వారాలకు ఆయన ఆఫీసుకొచ్చి, “సామీ, నాకు షుగరొచ్చి పది నెలలు. పదేళ్లని మీకెవురు చెప్పినారు?” అన్నాడు. మండీ లెక్కల పుస్తకం మధ్యలోంచి మడతలు పడ్డ ల్యాబు చీటీ తీసి పెట్టాడు. మొదటిసారి షుగరు బయటపడిన తేదీ అందులో ఉంది. ఆసుపత్రిలో సమ్మరీ రాసిన కుర్ర డాక్టరు నెలలు అనాల్సినచోట ఏళ్లు అని రాసేశాడు. ఆసుపత్రి నుంచి సరిచేసిన కాగితం తెప్పించి, ఫైలు మళ్లీ తెరిపించి, డబ్బు ఇప్పించేసరికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ బిల్లుకు తెచ్చిన అప్పు మీద వడ్డీ కట్టింది ఆయన, నేను కాదు.

తర్వాత కథ తొందరగా చెప్పేస్తాను. తిరుపతి, ఆపై మద్రాసు. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరుచుకుంది. ఆరోగ్య బీమా ఒక్కటే చేసే మొదటి కంపెనీ స్టార్ హెల్త్ 2006లో మద్రాసులో పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన వి. జగన్నాథన్ అంతకుముందు ప్రభుత్వ రంగ బీమా కంపెనీ యునైటెడ్ ఇండియాకు సీఎండీ, అంటే చైర్మన్, మేనేజింగ్ డైరెక్టరు. మా తరం ఆఫీసర్లకు అది చూశాకే ధైర్యం వచ్చింది. నేనూ 2008లో ఒక ప్రైవేటు కంపెనీకి మారి, క్లెయిమ్స్ హెడ్‌గా రిటైరయ్యాను.

ఇక నువ్వు చేయాల్సినవి. ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ల లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో పరీక్షలు ఉద్యోగం చేస్తూనే వరసగా రాసెయ్. ఎంబీఏ సర్టిఫికెట్టు ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత ఈ పరీక్షలే పలుకుతాయి. లెక్కల్లో గట్టి అయితే, రిస్కునీ ప్రీమియాన్నీ లెక్కగట్టే యాక్చువరీ పరీక్షలూ ఉన్నాయి, కానీ ఏళ్లు పడుతుంది. ఒక్క లెక్క మాత్రం వేళ్ల మీద ఉండాలి: వంద రూపాయల ప్రీమియం వస్తే క్లెయిములకు ఎంత పోయింది, కమీషన్లకూ ఖర్చులకూ ఎంత పోయింది. రెండూ కలిపి వంద దాటితే బీమా వ్యాపారంలో నష్టమే, పెట్టుబడుల మీద వచ్చే రాబడితో నెట్టుకొస్తున్నట్టు. పెద్ద పదవుల్లో జరిగే వాదనలన్నీ తిరిగి తిరిగి ఈ లెక్క దగ్గరికే వస్తాయి. ఇంకొకటి, చేరేముందే ఏదైనా ఆసుపత్రిలో, బిల్లు నేరుగా బీమా కంపెనీయే కట్టే ఏర్పాటు చూసే క్యాష్‌లెస్ డెస్కు దగ్గర నాలుగు రోజులు కూర్చో. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటల్లో కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. మంచం ఖాళీ చేయడానికి సంచీ సర్దుకుని కూర్చున్నవాళ్లకు ఆ మూడు గంటలు ఎట్లా గడుస్తాయో చూడు.

బోర్డు సంగతి వేరు. మేనేజింగ్ డైరెక్టరో సీఈవోనో అయి బోర్డులో కూర్చోవడం ఒక దారి, దానికి ఐఆర్‌డీఏఐ ముందస్తు అనుమతి కావాలి. నాలాంటి వాళ్లది స్వతంత్ర డైరెక్టరు దారి, అంటే కంపెనీలో ఉద్యోగిగా కాకుండా బయటి మనిషిగా బోర్డులో కూర్చోవడం. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఉద్యోగం చేసిన కంపెనీలో ఆ పదవి ఇవ్వరు, అందుకే నేను వేరే కంపెనీకి వెళ్లాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక విడత ఐదేళ్ల దాకా, వరసగా రెండు విడతలే. స్వతంత్ర డైరెక్టర్ల డేటా బ్యాంకులో పేరు నమోదు చేసుకుని ఆన్‌లైన్ పరీక్షలో 50 శాతం తెచ్చుకోవాలి, కొందరికి మినహాయింపు ఉంది. మీటింగుకిచ్చే ఫీజు చట్టం ప్రకారం లక్ష దాటకూడదు. చాలామంది ఊహించుకునేంత డబ్బేమీ కాదు, మాట తేడా వస్తే మెడకు చుట్టుకునేది మాత్రం నిజం.

మొదటి మీటింగులో నేను అభాసుపాలయ్యాను. క్లెయిమ్స్ హెడ్ ఏదో చెబుతుంటే మధ్యలో అందుకుని, ఆ ఫైళ్లు ఎట్లా చూడాలో పాఠం మొదలుపెట్టాను. అలవాటు మరి. కాఫీ టైములో చైర్మన్ పక్కకు పిలిచి, “ఆ పనికి ఆయనకు జీతమిస్తున్నాం. మీరు అడగండి చాలు” అన్నారు. ముప్పై ఏళ్లు పని చేసి చూపించినవాడికి చేతులు కట్టుకుని అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇప్పుడు నేను పాలసీదారుల రక్షణ కమిటీలో ఉన్నాను, బీమా కంపెనీకి అది తప్పనిసరి. అందులో ప్రతిసారీ ఒకటే అడుగుతాను: తిరస్కరించినవాటిలో ఎన్నింటిని మళ్లీ తెరిచారు, ఎందుకు? 2024 నుంచి కంపెనీలోని ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ గానీ, దాని కిందుండే క్లెయిమ్స్ రివ్యూ కమిటీ గానీ ఒప్పుకోకుండా ఏ ఆరోగ్య బీమా క్లెయిమునూ తిరస్కరించకూడదు. ఆ రోజుల్లో ఆ కమిటీ ఉండుంటే మండీ ఆయన లెటరు మీద నా ఒక్కడి సంతకం సరిపోయేది కాదు.

మీ నాన్న నవ్వితే నవ్వనీ. ఆవు చెవులు లెక్కపెడతాడని మా మామగారు పెళ్లిలోనే నవ్వారు.

తెలుగు మీడియం భయం నాకూ ఉండేది. మీటింగుకు ముందు ట్యాబులో మూడు నాలుగు వందల పేజీలు పంపుతారు, అంతా లాయర్ల ఇంగ్లిషు. రెండో మీటింగులో ఒక రీఇన్సూరెన్స్ ఒప్పందం (బీమా కంపెనీ తన రిస్కుకు తనే చేయించుకునే బీమా) మీద సగం పేజీ పొడవున్న ఒకే వాక్యం వచ్చింది. ఏమైతే అయిందని, “ఇది నాకర్థం కాలేదు, మళ్లీ చెప్పండి” అన్నాను. ఎదురుగా ఉన్న ఇద్దరు డైరెక్టర్లు, ఒకాయన విదేశాల్లో చదువుకున్నాయన, పెన్నులు పక్కన పెట్టి నాతోపాటు వినడానికి ముందుకు వంగారు.