గడ్డి మోకాలెత్తు వచ్చాక మందు కొడితే లాభం ఉందా?

ప్రశ్న: మొక్కజొన్న వేసి 28 రోజులైందండి. వానలు తెరిపి ఇవ్వక గుంటక (వరసల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలడం కుదర్లేదు, ఈలోగా గడ్డి మోకాలెత్తు పెరిగిపోయింది. 2,4-డి అనే కలుపు మందు కొట్టాను. వెడల్పాకు కలుపు మెలికలు తిరిగి చచ్చింది గానీ గడ్డి మాత్రం కదల్లేదు. మందు నకిలీదా? డోసు పెంచి మళ్ళీ కొట్టనా?

జవాబు: నకిలీది అయ్యుండదండి, వెడల్పాకు చచ్చిందంటే మందు దాని పని అది చేసినట్టే. 2,4-డి గడ్డిని చంపదు, చంపితే మొక్కజొన్న కూడా పోవాలి కదా, అదీ గడ్డి జాతే. డోసు మాత్రం పెంచకండి, గడ్డి ఎలాగూ చావదు, మీ పైరే దెబ్బ తింటుంది, ఆకులు ఉల్లికాడల్లా చుట్టుకుపోయి కాండం పెళుసెక్కి గాలొస్తే విరిగిపోద్ది. పక్క చేలో పత్తో టమాటో ఉంటే ఇంకా జాగ్రత్త, కాస్త తుంపర గాలికి పోయినా చాలు.

గడ్డికి టెంబోట్రయోన్ గానీ టోప్రమెజోన్ గానీ ఉన్నాయి. ఇవి కొడితే కలుపు ఆకులు ముందు తెల్లగా పాలిపోతాయి, ఎండ నుంచి పచ్చదనాన్ని కాపాడే రంగు పదార్థం తయారవ్వకుండా ఆపేస్తాయి కాబట్టి. మొక్కజొన్న ఆ మందుని లోపలే త్వరగా విరగ్గొట్టేసుకుంటుంది, అందుకే బతుకుతుంది. పూర్తిగా ఎండటానికి వారం పది రోజులు పడుతుంది, మర్నాడే చేలోకెళ్ళి చూసి ఏమీ అవలేదని మళ్ళీ కొట్టేవాళ్ళున్నారు, అది చేయొద్దు. టెంబోట్రయోన్ 34.4 శాతం మందైతే ఎకరానికి 115 మి.లీ., టోప్రమెజోన్ 33.6 శాతం అయితే 30 మి.లీ., దాంతోపాటు ఇచ్చే జిగురు మందు తప్పకుండా కలపాలి. అది మానేస్తే మందు ఆకు మీద నిలవక జారిపోద్ది.

అయితే మీ విషయంలో అసలు చిక్కు మందు పేరులో లేదు. ఈ మందులన్నీ కలుపు 2 నుంచి 4 ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాల్సినవి. చాలామంది విత్తి ఎన్ని రోజులైందని లెక్కపెట్టుకుంటారు, నేనైతే చేలో వంగి కలుపుకి ఎన్ని ఆకులొచ్చాయో చూడమంటాను. మోకాలెత్తు గడ్డికి వేళ్ళలో బలం ఉంటుంది, పైఆకు తెల్లబడ్డా కింద నుంచి మళ్ళీ చిగురేస్తుంది, మందు డబ్బు పోయినట్టే. ఇప్పటికి వరసల మధ్య గుంటక పెట్టి, మొదళ్ళ దగ్గర కూలీలతో తీయించుకోవడమే మంచిది. మొదటి నెలన్నర లోపు కలుపు తిన్న ఎరువు తిరిగి రాదు, అందుకే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: మొక్కజొన్నలో పెసర అంతర పంటగా వేశాం. అట్రాజిన్ అనే కలుపు మందు వాడొచ్చా?

జవాబు: వద్దు. పెసర పోతుంది. 2,4-డి కూడా అంతే. అంతర పంట ఉంటే చేత్తో తీయడమే. అట్రాజిన్ వాడిన చేలో ఆ తర్వాత వేసే పప్పుధాన్యాలు, కూరగాయలకి కూడా నేలలో మిగిలిన మందు తగిలే ప్రమాదం ఉంది.

ప్రశ్న: తుంగ ఒక్కటే మిగిలింది, ఎన్నిసార్లు పీకినా వస్తోంది.

జవాబు: వస్తుందండి, పైన ఆకు పీకితే కింద గడ్డ అలాగే ఉంటుంది కదా. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం పొడి తుంగకి బాగా పనిచేస్తుంది, ఎకరానికి 36 గ్రాములు, తుంగ 3 నుంచి 4 ఆకులప్పుడు, నేలలో తేమ ఉండగా కొట్టండి. ఆకుల మీద మంచు ఆరాక, గాలి లేనప్పుడు, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ (మందుని విసనకర్రలా పరిచి చల్లే పంపు మూతి) పెట్టుకుని. పురుగు మందు కొట్టిన పంపుతోనే కొడుతుంటే ముందు శుభ్రంగా కడగండి, కొన్ని ఫాస్ఫరస్ పురుగు మందులు ఇలాంటి కలుపు మందులతో కలిస్తే మొక్కజొన్నే మాడిపోద్ది.