అగ్రి బీఎస్సీ చదివితే మా అమ్మాయి కూడా టమోటానే నమ్ముకుంటుందా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. రెండెకరాల టమోటా తోట. కాపు విరగకాసిన ఏడాదే కోత కూలి కూడా రాక అప్పులపాలై బెంగళూరు వచ్చేశాను. మారతహళ్లిలో క్యాబ్ నడుపుతున్నాను. ఊళ్లో తోట మా తమ్ముడు చూసుకుంటాడు. అమ్మాయి ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదివింది, ఇప్పుడు సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు), పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ. ఇంజనీరింగ్ వద్దు, బీఎస్సీ అగ్రికల్చర్ చేస్తానంటోంది. నేను బయటపడిన గుంతలో దాన్ని నా చేతులతో దించమంటారా?

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. కాపు బాగున్నా మునిగారంటే ముంచింది ధర. దాన్ని ఏ డిగ్రీ కూడా ఆపలేదు. 2023 జులైలో ఇదే బెంగళూరులో కిలో టమోటా వంద దాటింది. ఆ ధర చూసి అందరూ నారు పోశారు, కాయ అంతా ఒకేసారి మండీకి దిగింది. సెప్టెంబర్‌కల్లా రోడ్డు పక్కన పారబోతలే. బాక్సు ధర ఎంత పడినా కమిషన్, కూలి, లారీ బాడుగ మాత్రం తగ్గవు. ఇది మీకు నేను చెప్పాలా!

అయితే సేద్యంలో చాలా నష్టం మండీకి చేరకముందే జరిగిపోతుంది. అమ్మాయి చదవబోయేది అది. తుంగ అనే కలుపునే తీసుకోండి. రోటవేటర్ తిప్పగానే చేను శుభ్రంగా కనిపిస్తుంది. నేల కింద గొలుసులా ఉన్న గడ్డలు తెగి, విడిపోయిన ప్రతి గడ్డా మొలుస్తుంది. నాటకముందు కొట్టే పెండిమిథాలిన్ అనే కలుపు మందు విత్తనం నుంచి మొలిచే చిన్న కలుపును ఆపుతుంది కానీ తుంగ గడ్డను ఏమీ చేయలేదు. రైతేమో నకిలీ మందు ఇచ్చాడని అంగడివాణ్ణి తిడతాడు.

ఇంకొకటి. పచ్చగా ఉన్న టమోటా మొక్క ఉన్నట్టుండి వాడిపోతే చాలామంది ఇంకో తడి పెడతారు, గుప్పెడు యూరియా వేస్తారు. కాండం అడుగున కోసి గ్లాసుడు మంచినీళ్లలో నిలబెట్టి చూడండి. పాలలాంటి తెల్లటి దారం కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. నేలలోనే ఉంటుంది. టమోటా తర్వాత మళ్లీ టమోటా, లేదంటే వంకాయ, మిరప వేస్తే దానికి పండగే. మొక్కజొన్నలాంటి వేరే జాతి పైరుతో మార్చాలి. మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఈ తెగులుతో పాటు ఆకుముడత, ఆకుమచ్చ తెగుళ్లను కూడా తట్టుకునే అర్క రక్షక్ రకం తెచ్చింది. అలాంటి పనిలో చేరడానికి ఈ డిగ్రీ మొదటి మెట్టు. పైన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కావాలి, ఓపిక కావాలి.

ఉద్యోగాలంటారా, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్, వ్యవసాయ శాఖ, విత్తన కంపెనీలు ఉన్నాయి. సర్కారు కొలువులకు పోటీ గట్టిది. కంపెనీల్లో మొదటి ఉద్యోగం చాలామందికి సేల్స్‌లోనే దొరుకుతుంది: డీలర్ షాపులు, టార్గెట్లు, ఎండలో తిరుగుడు. మొదట్లో సాఫ్ట్‌వేర్ జీతాలు ఆశించకండి. ఏదో ఒక గవర్నమెంట్ ఉద్యోగం వస్తుందన్న లెక్కతోనే చేరతానంటే మాత్రం నేను వద్దంటాను.

సీటు సంగతి: బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో నాలుగేళ్ల కోర్సుకు కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసీఈటీ రాయాలి. అమ్మాయి చదువంతా ఇక్కడే కాబట్టి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కోటా సీట్లకు జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా రాయించండి.

ఈలోపు సెలవుల్లో ఓ పది రోజులు తమ్ముడి దగ్గరికి పంపండి. కూలీలతో కలిసి కలుపు తియ్యనివ్వండి, ఒక తెల్లవారుజామున లోడుతో పాటు మండీకి వెళ్లి వేలం చూడనివ్వండి. తిరిగొచ్చాక కూడా అదే మాట మీద ఉంటే అడ్డు చెప్పకండి. జీకేవీకేలో ఏటా, సాధారణంగా నవంబర్‌లో, కృషి మేళా జరుగుతుంది. ఆ రోజు క్యాబ్ అటు తిప్పండి, అమ్మాయిని కూడా ఎక్కించుకుని. ప్రదర్శన మళ్ల దగ్గర తను ఏమేం అడుగుతుందో పక్కన నిలబడి వినండి.