పిలైలకి మోటార్ ఎక్కడుంది? ఫ్లాజెల్లా (ఈదడానికి వాడే తోకలు) లేకుండా బాక్టీరియా ఎలా పాకుతుంది?

పిలై అంటే సెల్ మీద వెంట్రుకల్లాంటివే కదా, వాటితో బాక్టీరియా గట్టి ఉపరితలం మీద ఎలా కదులుతుంది అని అడిగారు. నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ సూడోమోనాస్ ఎరుజినోసా అనే బాక్టీరియా ట్విచింగ్ (పిలైతో పాకడం) మీదే, అందుకే చూసింది చూసినట్టు చెప్తాను.

పిలై ఊగవు, ఈదవు. టైప్ ఫోర్ రకం పిలస్ (ఒక్కటైతే పిలస్, ఎక్కువైతే పిలై) బయటికి సాగి కొసతో ఎక్కడో అంటుకుంటుంది, తర్వాత మొదలు దగ్గర్నుంచి ఒక్కో పిలిన్ (పిలస్‌ని కట్టే ప్రోటీన్ ముక్క) ఊడి సెల్ పొర, అంటే మెంబ్రేన్‌లోకి వెళ్ళిపోతూ పిలస్ పొట్టిదవుతుంది, కొస పట్టు వదలదు కాబట్టి సెల్లే అటు ఈడ్చుకుపోతుంది. మోటార్ ఆ మొదట్లోనే, సెల్ లోపలి వైపు ఉంటుంది. ఆరు ముక్కల ఉంగరాల్లాంటి ఏటీపేజ్‌లు (సెల్ ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టే ప్రోటీన్లు) రెండుంటాయి, పిల్‌బీ అల్లుతుంది, పిల్‌టీ విప్పుతుంది. ఏటీపీ ఖర్చవుతూ ఉంగరం ఆకారం మారి పైనున్న పిల్‌సీ అనే ప్రోటీన్‌ని ఒకవైపు తిప్పితే పిలిన్ చేరుతుంది, రెండోవైపు తిప్పితే ఊడుతుంది, ఇదీ ఇప్పుడున్న మోడల్.

బలం సంగతి వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గనేరియా బాక్టీరియాలో ఒక్క పిలస్ లాగే బలం 100 పికోన్యూటన్లు (న్యూటన్‌లో లక్ష కోట్లో వంతు ఒక పికోన్యూటన్) దాటుతుందని 2002లో మాయర్ వాళ్ళు కొలిచారు, మన సెల్స్‌లో సరుకు మోసే కైనెసిన్ అనే మోటార్ ప్రోటీన్ ఆరేడు దగ్గరే ఆగిపోతుంది!

నాకు మాత్రం మొదటి నెలంతా ప్లేట్‌లో ఏమీ కనబడలేదు. ఒక శాతం అగార్‌లో (బాక్టీరియా పెంచే జెల్లీ) బాక్టీరియా అంటించిన నీడిల్ గుచ్చేదాన్ని కానీ సగం దాకే దించేదాన్ని, ట్విచింగ్ జరిగేదేమో అగార్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య సందులో. సీనియర్ అక్క చూసి "అడుగు తగిలినట్టు చేతికి తెలియాలే" అంది. ఆ తర్వాత 37 డిగ్రీల్లో రెండ్రోజులుంచి, అగార్ మెల్లగా లేపేసి క్రిస్టల్ వయొలెట్ రంగు పోసి కడిగితే ప్లాస్టిక్ మీద గుండ్రంగా ఊదారంగు మచ్చ, అంచు పల్చగా వేళ్ళలా పాకి ఉంది. పక్కనే పిల్‌టీ లేని మ్యూటెంట్ ప్లేట్‌లో గుచ్చినచోట చుక్క, అంతే. దానికి పిలై లేవా అంటే మామూలుదానికంటే ఎక్కువే ఉంటాయి, విప్పేవాళ్ళు లేరు కాబట్టి పెరిగిపోతాయి, అయినా అంగుళం కదల్లేదు. అంటే కదలిక పిలస్ ఉండటంలో లేదు, వెనక్కి లాగడంలో ఉంది.

మీరూ చేసేట్టయితే ప్లేట్లు పోశాక తడి బాగా ఆరనివ్వండి, నీళ్ళు మిగిలితే ఫ్లాజెల్లాతో ఈది వెళ్ళినవి కూడా కలిసిపోయి మచ్చ పెద్దగా కనిపిస్తుంది.