పందెపు గుర్తులను చెరపవచ్చునా?

ప్రశ్న: షోలవరం పందేలలో మా తాతగారు నడిపిన పాత టూరింగ్ కారును బాగు చేయించాము. తలుపు మీద మాసిపోయిన పోటీ అంకెను చెరిపి కొత్త రంగు వేయించమంటారా? ఇంజను కూడా మార్చవచ్చునా?
– ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

జవాబు: ఆ అంకెను దయచేసి చెరపనివ్వకండి. రెండవ ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే మీద, ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు మద్రాసు పందేలకు నెలవైన షోలవరంలో, మీ తాతగారి కారు పరుగెత్తిందని పాత ఫొటోలతో సరిపోల్చి నిరూపించడానికి అదే గట్టి ఆధారం కాగలదు. రంగు ఎంత మేలైనదైనా ఆ లోటును పూడ్చలేదు. ఇంజను సంగతి మరీ ముఖ్యం: 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో గణనీయమైన మార్పులు జరగని వాహనానికే వింటేజ్ (పాతకాలపు వాహనంగా) రిజిస్ట్రేషన్ లభిస్తుంది. పెట్రోలు పోయే పాత రబ్బరు గొట్టాలను మాత్రం నేటి పెట్రోలులో కలిపే ఇథనాల్ దెబ్బతీస్తుంది కనుక వాటిని వెంటనే మార్పించండి.