చేపలకీ వన్యప్రాణులకీ మన రాష్ట్రంలో డబ్బు ఎలా వస్తుంది? నేను చూసిన లెక్కలు

మీరు అడిగింది ఇది: అమెరికాలో గాలం వేసేవాళ్ల లైసెన్సు డబ్బుతోనే రాష్ట్రాలు చేపల్నీ వన్యప్రాణుల్నీ చూసుకుంటాయట, మరి మన ఆంధ్రలో ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, సరిపోతుందా అని. గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. మత్స్యకార సహకార సంఘాల లెక్కలు, ఇచ్చిన పథకాల డబ్బు దేనికి ఖర్చయిందో రాసే వినియోగ పత్రాలు, అందరూ యూసీలు అంటారు చూడండి, అవి నా చేతి మీదుగానే వెళ్లేవి. ఆ అనుభవంతో చెప్తున్నా, సరిపోతుందా అని అడిగే ముందు ఆ డబ్బు ఏ నెలలో చేతికొచ్చిందో అడగండి.

ముందు అమెరికా సంగతి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకులు, తూటాల మీద కేంద్రం పన్ను వేస్తుంది, రైఫిళ్ల మీదైతే 11 శాతం, దాన్ని రాష్ట్రాలకి పంచుతుంది, సగం విస్తీర్ణం చూసి, సగం వేట లైసెన్సుల లెక్క చూసి. చేపలు పట్టే సామాను మీద 1950లో డింగెల్-జాన్సన్ చట్టంతో అలాంటి ఏర్పాటే చేశారు. పనికయ్యే ఖర్చులో 75 శాతం దాకా కేంద్రం ఇస్తే మిగతా పాతిక రాష్ట్రం పెట్టుకోవాలి, అది చాలాచోట్ల లైసెన్సు డబ్బే. అసలు బలం ఎక్కడుందంటే, ఆ లైసెన్సు డబ్బుని రోడ్లకో బడులకో మళ్లించిన రాష్ట్రానికి కేంద్రం వాటా ఆగిపోతుంది. మిస్సోరీ ప్రజలైతే 1976లో ఓటేసి మరీ అమ్మకాల మీద ఒక శాతంలో ఎనిమిదో వంతు పన్ను దీనికోసమే పెట్టుకున్నారు.

మన దగ్గర ఆ దారి లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉన్నాక వేట నేరం, కాబట్టి వేటగాళ్ల ఫీజు అన్న మాటే రాదు. చేపల వైపు చెరువుల లీజు ఉంది, కానీ పంచాయతీ చెరువైతే ఆ వేలం పాట డబ్బు పంచాయతీ ఖాతాలో పడి వీధి దీపాలకీ కాలవలకీ పోతుంది. ఊరికి అవీ కావాల్సిందే, కాకపోతే చేపకి మాత్రం తిరిగి రాదు. ఇక మిగిలింది రాష్ట్ర బడ్జెట్టు, దానితో కలిసి వచ్చే కేంద్ర పథకాలు. చేపలకి 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ఉంది, పులుల అభయారణ్యాలకి ప్రాజెక్ట్ టైగర్ ఉంది, మనలాంటి రాష్ట్రాలకి చేపల పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40, ప్రాజెక్ట్ టైగర్‌లో ఒక్కసారి పెట్టే ఖర్చుకి అదే లెక్క, ఏటా వచ్చే ఖర్చుకి చెరి సగం. వినడానికి బాగుంటుంది. కానీ కేంద్రం వాటా రావాలి, రాష్ట్రం తన వాటా కలపాలి, పాత డబ్బుకి యూసీ వెళ్లాలి, ఆ తర్వాతే కొత్త విడత. ఒక్క జిల్లాలో ఒక్క కాగితం ఆలస్యమైతే వెనక గొలుసంతా ఆగుతుంది, ఆ ఆగిన కాగితాలు మా బల్ల మీదే ఉండేవి.

ఒక ఏడాది సంగతి చెప్తాను. ఒక సంఘానికి చెరువులో చేపపిల్లలు వదలడానికి డబ్బు మంజూరైంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, నాలుగు వేళ్ల పొడవు పిల్లలు. వానలు పడి చెరువు నిండాక, జూలై ఆగస్టుల్లో వదలాల్సిన పని. డబ్బు ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మార్చి 31 దాటితే వెనక్కి పోతుంది, వెనక్కి పోతే వచ్చే ఏడు ఇచ్చేది తగ్గుతుందని ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు. సంఘం ప్రెసిడెంటు పెద్దాయన, నేను బాబాయ్ అనేవాణ్ణి, గట్టు మీద నిలబడి "ఏం బాబూ, డబ్బుకి మార్చి అయితే చేపకి కూడా మార్చేనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పిల్లలు ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ సంచుల్లో వచ్చాయి. సంచి మూతి విప్పకుండా కాసేపు చెరువులో తేలేయాలి, లేకపోతే వేడి తేడాకి పిల్ల తట్టుకోదు. బాబాయ్ నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు, పొద్దున తొమ్మిదికే గోరువెచ్చగా ఉన్నాయి, లోతు మోకాలి దాకా. చిల్లుల గిన్నెతో ఒకసారి ముంచి ఎన్ని పిల్లలున్నాయో లెక్కపెడతారు, ఆ తర్వాత గిన్నెలే లెక్క, నేను పక్కన కూర్చుని టిక్కులు పెట్టాను. మూడు వారాలకి మళ్లీ వెళ్తే చెరువు నడిమధ్యకి కుంచించుకుపోయి ఉంది, అంచున బురదలో ఎండిన పిల్లలు, చుట్టూ కొంగలు. అందులో ఎవరూ రూపాయి తినలేదు, లెక్క అంతా సరిగ్గానే ఉంది. ఆ యూసీ నేనే టైపు చేశాను, ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు.

అందుకే మార్చితో మురిగిపోని డబ్బు ఎక్కడుందో వెతికి చూశాను. పెద్దది కంపా నిధి. అటవీ భూమిని గనులకో రోడ్లకో ప్రాజెక్టులకో తీసుకున్నవాళ్లు కట్టే సొమ్ము అది. 2016 చట్టం ప్రకారం అందులో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం జాతీయ నిధికి. రాష్ట్రం దగ్గర అది పబ్లిక్ అకౌంటులో వేరుగా ఉంటుంది, వడ్డీ వస్తుంది, మిగిలింది పైఏడుకి నిలుస్తుంది. అయితే ఏటా ప్రణాళిక రాసి ఢిల్లీ ఒప్పుకుంటేనే ఖర్చు పెట్టాలి, కాబట్టి అక్కడా ఎదురుచూపులు తప్పవు.

రెండోది పులుల పరిరక్షణ ఫౌండేషన్. వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణతో వచ్చింది. సందర్శకుల దగ్గర తీసుకునే రుసుము ఖజానాకి పోకుండా అక్కడి ఫౌండేషన్‌కే చేరుతుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అలాంటివాటిలో దేశంలోకెల్లా పెద్దది, అక్కడ బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో చెంచులే ఎక్కువమంది కనిపిస్తారు. వాళ్ల నెల జీతం బడ్జెట్ విడుదల కోసం ఆగకూడదు. నల్లమల ఎండక ముందే ఫైర్ లైన్లు, అంటే మంట పాకకుండా గడ్డీ ఆకులూ తీసేసిన బాటలు, కొట్టాలి, మంట మార్చి దాకా ఆగదు కదా. చేపలకి ఇలాంటి ఖాతా మనకి ఒక్కటి కూడా నా కళ్ల పడలేదు, నా బాధంతా అదే. చెరువు పాటలో పదో వంతైనా ఆ చెరువు పేరుతోనే విడిగా దాచమని నేనంటాను.

సముద్రం వైపు ఒకటి కాస్త నయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేప గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు, ఆ రోజులకి మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తారు. 2019లో 10 వేలు ఉండేది, 2025లో 20 వేలు ఇచ్చారు. దీన్ని సంక్షేమం అనే అందరూ రాస్తారు గానీ నా లెక్కలో అది చేపని కాపాడే ఖర్చే, పొయ్యి వెలగని ఇంటివాణ్ణి పడవ కట్టెయ్యమంటే ఎలా కట్టేస్తాడు? అదీ నిషేధం మొదలైన వారంలో అందితేనే.

మీరు నిజంగా తెలుసుకోవాలంటే పేపర్లో వచ్చే కేటాయింపు ఒక్కటే చూడకండి. బడ్జెట్ పుస్తకాల్లో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు అని మూడు వరసలు ఉంటాయి, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు తీసి అప్పట్లో ప్రకటించిన దానితో పోల్చండి. ఆ తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. అందులో ఎంత ఖర్చయింది అని మాత్రమే రాస్తే ఒక అంకె ఇచ్చి ఊరుకుంటారు. మంజూరైన తేదీ, ఖాతాలో పడిన తేదీ, పిల్లలు వదిలిన తేదీ, ఆ రోజు చెరువులో నీటి లోతు, ఈ నాలుగూ విడివిడిగా అడగండి. మీ చెరువు పంచాయతీదా మత్స్యశాఖదా అన్నది కింద రాస్తే, దరఖాస్తు ఎవరి పేరుతో పెట్టాలో చెప్తాను.