తమ్ముడిని దావాలో ‘ఇడియట్’ అని రాశారు... తీయించవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్న పోయాక 2011లో అన్నయ్య తాతల నాటి పొలమంతా తన పేరు మీదకు మార్చుకుని, నాకూ తమ్ముడికీ వాటా లేదని మా మొహానే చెప్పాడు. పెద్దలు సర్దుతారని ఇన్నాళ్లూ ఆగాం. తమ్ముడికి పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. 2019లో వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ ఇచ్చారు. ఇప్పుడు పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేద్దామంటే మా వకీలు డ్రాఫ్టులో వాడిని ‘ఇడియట్’ అని రాశారు. చదివి రాత్రంతా ఏడ్చాను. ఆ మాట తీయించవచ్చా? వకీలు మీద దివ్యాంగుల చట్టం కింద కేసు పెట్టవచ్చా? ఇదంతా ఎందుకు, తమ్ముడి చేత వేలిముద్ర వేయించి వాడి వాటా నా పేరున రాయించుకోమని ఒక బంధువు అంటున్నారు.

సమాధానం: ఆ మాట మీ వకీలుది కాదమ్మా, దావాలకు గడువు పెట్టే 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 6లోది. మైనరు, మతి చలించినవాడు, ‘ఇడియట్’... వీళ్లకు ఆ స్థితి ఉన్నంతకాలం దావా గడువు లెక్కకు రాదు. పుట్టుకతో తెలివి వికసించనివాడని పాత కోర్టు భాషలో దాని అర్థం. బయట అంటే తిట్టే. 2016 దివ్యాంగుల చట్టం మేధో వైకల్యం అనే అంటోంది. లిమిటేషన్ చట్టంలో మాత్రం పాత మాటే మిగిలింది.

మీరు తీసేయమంటున్న ఆ మాటే మీ కేసును నిలబెట్టేది. ఉమ్మడి ఆస్తిలో వాటా లేదన్నారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లే గడువు. మీకు 2011లోనే తెలుసు, మామూలు లెక్కన 2023తో అయిపోయింది. పెద్దల పంచాయితీ నడుస్తోందని గడువు ఆగదు. ఇది మీ అజాగ్రత్తే. మీ వాటా దక్కడం కష్టం. తమ్ముడి వాటాకు మాత్రం ఇంకా దారి ఉంది. వైకల్యం ఉన్నవాడికి వాటా ఏమిటని అన్నయ్య అంటే, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 28 చూపించండి.

వకీలు మీద కేసు ఆలోచన మానండి. అవమానించాలనే ఉద్దేశంతో నలుగురిలో అంటేనే దివ్యాంగుల చట్టం సెక్షన్ 92 వర్తిస్తుంది. అంత బాధగా ఉంటే, దావా అంతటా ‘మేధో వైకల్యం’ అని రాసి, ఒక్క చోట ‘లిమిటేషన్ చట్టం సెక్షన్ 6లో చెప్పిన ఇడియట్’ అని ఉంచమనండి. ఆ వాక్యం మాత్రం తీయించకండి.

అసలు చిక్కు రుజువులది. 2019 సర్టిఫికెట్ 2019 సంగతే చెబుతుంది. 2011లోనూ ఇదే స్థితి అని మీరే చూపాలి. బడి మానేసిన రికార్డు, పెద్దాసుపత్రి పాత ఓపీ చీటీలు, చిన్నప్పుడు చూసిన డాక్టరు, ఇరుగుపొరుగు సాక్ష్యం... ఏది దొరికితే అది వెతకండి. సర్టిఫికెట్‌లోని వైకల్యం పర్సంటేజీ ఒక్కటే చాలదు, తన మంచిచెడ్డలు తను చూసుకోలేడని జడ్జికి నమ్మకం కలగాలి. తమ్ముడిని పిలిపించి మాట్లాడించవచ్చు కూడా. అందుకే దావా అతని పేరున, మీరు నెక్స్ట్ ఫ్రెండ్‌గా (అతని తరఫున దావా నడిపే మనిషిగా), సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 15 కింద వేయాలి. డ్రాఫ్టులో అలా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఆ వేలిముద్ర జోలికి మాత్రం పొరపాటున కూడా వెళ్లొద్దు. అర్థం చేసుకోలేనివాడు రాసిచ్చిన దస్తావేజు చెల్లదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ‘రిజిస్ట్రారు ముందు తెలిసే రాసిచ్చాడు కదా, మరి గడువు మినహాయింపు ఎందుకు?’ అని అన్నయ్య వకీలు అడుగుతాడు. దానికి మీ దగ్గర జవాబుండదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. పొలం ఇంకా అన్నయ్య పేరునే ఉంటే, దావాతో పాటే, అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు కోసం ఇంజంక్షన్ పిటిషన్ వేయించండి. ఇప్పటికే అమ్మేసి ఉంటే కొన్నవాళ్లను కూడా పార్టీలుగా చేర్చాలి.